జవాబులు తెర మీదికి వచ్చాక

(ఛాత్రోపాధ్యాయుల, అంటే టీచర్లు కావడానికి చదువుతున్నవారి, శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం. తడబాట్లు మాత్రం తీసేసి, మాటల తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల వరకూ వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

వచ్చే వారం మీరు బోధనాభ్యాసానికి బడులకు వెళ్తున్నారు. మీ పాఠ్య ప్రణాళికలన్నీ చదివాను, ఇష్టంగా చదివాను. బోధనోపకరణాలు అన్న చోట ఇంచుమించు అందరూ ఏదో ఒక వెబ్ టూల్ పేరు రాశారు. ఒకరు క్విజ్‌లు పెట్టే కహూత్ అన్నారు, ఒకరు ప్రశ్నలు పంపి జవాబులు తీసుకునే గూగుల్ ఫామ్ అన్నారు, ఒకరు తెర మీద సైన్సు ప్రయోగాలు చేసే ఫెట్, ఒకరు లెక్కల బొమ్మలు గీసే జియోజీబ్రా, ఇంకొకరు అందరూ చీటీలు అంటించే బోర్డు లాంటి ప్యాడ్‌లెట్. చాలా బాగుంది. ఆ పేరు పక్కన 'ఎందుకు' అన్న గడి ఉంది కదా, అందులో ఎక్కువ మంది 'పిల్లలకు ఆసక్తి కలుగుతుంది' అని రాశారు. ఆసక్తి కలగాలి, కాదని ఎవరంటారు? మరి కలిగాక ఏమిటి? ఆసక్తి కలిగిన పిల్లవాడి బుర్రలో ఆ నిమిషంలో ఏ ఆలోచన నడుస్తోంది? అది మీకు ఎలా తెలుస్తుంది?

ఈ గంటలో నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. వెబ్ టూల్ మొట్టమొదట పనికొచ్చేది టీచరుకి. క్లాసులో ఉన్న ప్రతి ఒక్కరూ ఏమనుకుంటున్నారో పీరియడ్ అయిపోకముందే టీచరు కళ్లకు కనబడాలి. కనబడ్డాక, ఆ తర్వాతి పది నిమిషాలు మీరు ఏం చేస్తారన్నదే పాఠం. టూల్ పని అక్కడికి అయిపోతుంది, మీ పని అక్కడ మొదలవుతుంది. మళ్లీ చెప్తున్నాను, రాసుకోండి: జవాబులు తెర మీదికి వచ్చాక మీ పని మొదలవుతుంది.

మామూలు క్లాసు ఒకసారి గుర్తు చేసుకోండి. టీచరు ప్రశ్న అడుగుతారు. నలుగురు చేతులెత్తుతారు. రోజూ ఆ నలుగురే. వాళ్లలో ఒకరు జవాబు చెప్తారు. టీచరు 'అందరికీ అర్థమైందా?' అంటారు. 'అర్థమైందీ' అని క్లాసంతా ఒకే గొంతుతో అంటుంది. పాఠం ముందుకు సాగిపోతుంది. మిగతా ముప్పై ఆరు మంది సంగతి? వాళ్లలో ఎవరికి తెలుసు, ఎవరికి సగం తెలుసు, ఎవరికి తలకిందులుగా తెలుసు? పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు గానీ బయటపడదు. అప్పటికి ఆ పాఠం దాటి మనం చాలా దూరం వచ్చేసి ఉంటాం.

మేరీ బడ్ రో అనే సైన్సు విద్యా పరిశోధకురాలు ఉన్నారు. 1970ల్లో ఆమె తరగతి గదుల్లో రికార్డు చేసిన టేపులు విని చూశారు. టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నారు? సగటున 1 సెకను. ఒక్క సెకనులో ఎవరు ఆలోచించగలరు చెప్పండి? ఆగడం 3 సెకన్లకు పెంచితే జవాబుల నిడివి పెరిగింది, మాట్లాడని పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టారు. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, ఓపిక చాలు. కానీ నలభై మందికీ ఆలోచించే వ్యవధి ఇచ్చి, నలభై మంది జవాబూ ఒకేసారి చూడాలంటే మనిషికి సాధ్యం కాదు. అక్కడ కావాలి టూల్.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ బడి మారిపోతుందన్నారు. 1913లో థామస్ ఎడిసన్ ఒక ఇంటర్వ్యూలో, బడుల్లో పుస్తకాలకు త్వరలోనే కాలం చెల్లుతుందని, పదేళ్లలో చదువంతా సినిమా బొమ్మలతోనే సాగుతుందని అన్నారు. తర్వాత రేడియో వచ్చింది, టీవీ వచ్చింది, ప్రతిదాని గురించీ అదే మాట. 1983లో రిచర్డ్ క్లార్క్ అనే విద్యా పరిశోధకుడు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించి, ఫలితం మాధ్యమాన్ని బట్టి రాదు, దానితో ఎలా బోధించారన్న దాన్ని బట్టి వస్తుందని వాదించారు. దాని మీద పెద్ద చర్చే జరిగింది, అందరూ ఒప్పుకోలేదు. నా మటుకు నాకు ఆయన మాటలో చాలా నిజం కనిపిస్తుంది. అందుకే టూల్ పేరుతో ప్రణాళిక మొదలుపెట్టకండి అంటున్నాను. ప్రశ్నతో మొదలుపెట్టండి.

ప్రశ్న తయారు చేయడం

ఒక చిన్న పాఠం తీసుకుందాం. దశాంశాలు. బోర్డు మీద రాస్తున్నాను, చూడండి. 0.6, 0.45, 0.238. ఈ మూడింటిలో ఏది పెద్దది?

మీరు ఈ ప్రశ్నను గూగుల్ ఫామ్‌లో పెట్టారనుకుందాం. పిల్లలు నొక్కారు. ఫామ్ అప్పటికప్పుడే రంగు రంగుల చార్ట్ గీసి ఇచ్చింది. ఎక్కువ మంది 0.6 అన్నారు. అదే సరైన జవాబు. టీచరుకు సంతోషం. ఇక తర్వాతి అంశానికి వెళ్లిపోవచ్చా? ఏమంటారు? వెళ్లొచ్చా?

కొందరు తలూపుతున్నారు. ఆగండి. తప్పు చెప్పినవాళ్లను ముందు చూద్దాం. 0.238 పెద్దది అన్నవాళ్లు పాయింటు తర్వాత ఉన్నదాన్ని మామూలు సంఖ్యలాగా చదువుతున్నారు. 238 పెద్దదా, 45 పెద్దదా, 6 పెద్దదా? 238 కదా, అందుకని 0.238 పెద్దది. వాళ్లకు ఒక లెక్క ఉంది. ఊరికే గుడ్డిగా నొక్కలేదు. ఇది మనకు తెలిసిన పొరపాటే.

ఇప్పుడు సరైన జవాబు చెప్పినవాళ్లను చూడండి. అక్కడే అసలు చిక్కు ఉంది. వాళ్లలో కొందరు ఇలా ఆలోచిస్తారు: పదో వంతు పెద్ద ముక్క, వందో వంతు చిన్న ముక్క, వెయ్యో వంతు ఇంకా చిన్న ముక్క. కాబట్టి పాయింటు తర్వాత అంకెలు ఎంత తక్కువ ఉంటే సంఖ్య అంత పెద్దది. ఈ లెక్కన వాళ్లు 0.6 నొక్కారు. జవాబు కరెక్టు, ఆలోచన తప్పు. మీ ఫామ్ వాళ్లకు ఆకుపచ్చ టిక్కు పెట్టింది. మీరూ శభాష్ అన్నారు. ఆ పిల్లలు ఆ తప్పు ఆలోచనను ఇంకా గట్టిగా పట్టుకుని ఇంటికి వెళ్లారు.

మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కే స్టేసీ, విక్కీ స్టైన్లే అనే ఇద్దరు పరిశోధకులు ఏళ్ల తరబడి ఈ ఒక్క విషయం మీదే పనిచేశారు. దశాంశాలను పోల్చడంలో పిల్లలు ఎన్ని రకాలుగా ఆలోచిస్తారో విడదీసి చూపించారు. అంకెలు ఎక్కువుంటే పెద్దది అనుకునేవాళ్లు ఒక రకం, తక్కువుంటే పెద్దది అనుకునేవాళ్లు ఇంకో రకం. వాటిలోనూ ఉపరకాలున్నాయి. ఇవన్నీ అర్థంతో కూడిన తప్పులు. ప్రతి తప్పు వెనకా పిల్లవాడు సొంతంగా కట్టుకున్న ఒక సూత్రం ఉంటుంది.

మరి ప్రశ్న ఎలా మార్చాలి? ఇదిగో, మళ్లీ బోర్డు చూడండి. 0.3, 0.35, 0.347. ఏది పెద్దది? అంకెలు ఎక్కువుంటే పెద్దది అనుకునే పిల్లలు 0.347 నొక్కుతారు. తక్కువుంటే పెద్దది అనుకునేవాళ్లు 0.3 నొక్కుతారు. స్థాన విలువ తెలిసినవాళ్లు 0.35 నొక్కుతారు. మూడు జవాబులు, మూడు ఆలోచనలు. ఇప్పుడు చార్ట్‌లో ఏ ముక్క ఎంత ఉందో చూస్తే, ఎంతమంది ఏమనుకుంటున్నారో మీకు తెలిసిపోతుంది. టూల్ అదే, ఫామ్ అదే. మారింది మూడు సంఖ్యలు మాత్రమే. ఎంత తేడా వచ్చిందో చూశారా?

ఇందులో నూటికి నూరు పాళ్లు భరోసా ఉందా అంటే లేదు. ఎవరో ఒకరు గుడ్డిగా నొక్కుతారు. అందుకే ఇలాంటివి రెండు మూడు వేయాలి. కానీ మొదటి ప్రశ్న ఏమీ చెప్పలేనిచోట రెండోది ఎంతో చెప్తోంది. నేను బతిమాలి చెప్తున్నాను, ఆప్షన్లలో నోటికి వచ్చిన అంకెలు నింపకండి. 'ఈ ఆప్షన్ ఎంచుకునే పిల్లవాడు ఏమనుకుంటూ ఉంటాడు?' అని ప్రతి దాని పక్కనా పెన్సిల్‌తో రాసుకోండి. రాయలేకపోయారా, ఆ ఆప్షన్ తీసేయండి.

తప్పు ఆలోచనలు ఎక్కడ దొరుకుతాయి? పిల్లల నోటు పుస్తకాల్లో. మీరు వెళ్లే బడిలో ఆ పాఠం చెప్పే టీచరు దగ్గర పాత పరీక్ష పేపర్లు ఉంటాయి, అడిగి తీసుకోండి. అంతకన్నా మంచి దారి, ఒక పిల్లనో పిల్లవాడినో పక్కన కూర్చోబెట్టుకుని 'ఇది ఎలా చేశావో చెప్పు' అని అడిగి, మధ్యలో అడ్డు రాకుండా వినండి.

ఏఐ చాట్‌బాట్‌ను అడగొచ్చా అని మీలో ఒకరు చీటీ పంపారు. అడగొచ్చు. 'ఈ పాఠంలో పిల్లలు చేసే తప్పులు చెప్పు' అంటే ఒక జాబితా ఇస్తుంది, కొన్ని పనికొస్తాయి. కానీ అది నమ్మకంగా తప్పులు కూడా చెప్తుంది, లెక్కల్లో సైతం. ప్రతి ప్రశ్నా మీరు కూర్చుని చేసి చూడాలి. పైగా అది మీ క్లాసులోని పిల్లలను చూడలేదు. వాళ్ల నోటు పుస్తకాలు మీ చేతిలో ఉన్నాయి. ఇది మర్చిపోకండి.

ఆ పది నిమిషాలు

సరే, ప్రశ్న కుదిరింది. జవాబులు వచ్చాయి. మీ ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో కనిపిస్తున్నాయి. ఇప్పుడు ఏం చేస్తారు? చాలామంది చేసేది చెప్పనా? 'కరెక్ట్ ఆన్సర్ 0.35, ఎందుకంటే...' అని వెంటనే వివరించేస్తారు. తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. అంత కష్టపడి బయటికి తెచ్చిన ఆలోచనలను అక్కడే వదిలేసినట్టు కాదా?

ఎరిక్ మజూర్ అని హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం ప్రొఫెసర్. 1991లో ఆయన ఒక పద్ధతి మొదలుపెట్టారు. కాసేపు పాఠం చెప్తారు. ఒక ప్రశ్న వేస్తారు. ఎవరికి వారు, పక్కవారిని అడక్కుండా, జవాబు ఇవ్వాలి. ఆయన మాత్రమే చూస్తారు. దాదాపు అందరికీ వచ్చిందా, ముందుకు వెళ్తారు. దాదాపు ఎవరికీ రాలేదా, మళ్లీ చెప్తారు. సగం మందికి వచ్చి, సగం మందికి రాకపోతే? అది అన్నిటికన్నా మంచి పరిస్థితి. 'మీ పక్కన కూర్చున్నవారి జవాబు వేరేది అయితే, వాళ్లను ఒప్పించండి' అంటారు. రెండు మూడు నిమిషాలు హాలంతా మాటలే. మళ్లీ అదే ప్రశ్నకు మళ్లీ జవాబు. అప్పుడు వివరణ.

పక్కవారితో మాట్లాడితే ఏమవుతుంది, తెలివైన విద్యార్థి చెప్పింది మిగతావాళ్లు వింటారు, అంతే కదా అనుకోవచ్చు. ఆ అనుమానం 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన తీర్చింది. మిషెల్ స్మిత్, ఆమె సహచరులు కొలరాడో విశ్వవిద్యాలయంలో చేశారు. మొదటి ప్రశ్నకు గుంపులో ఎవరికీ జవాబు తెలియకపోయినా, మాట్లాడుకున్నాక అదే భావం మీద వేసిన కొత్త ప్రశ్నకు సరైన జవాబులు పెరిగాయి. అంటే వాదించుకోవడంలోనే నేర్చుకోవడం ఉంది. చిన్నపిల్లల క్లాసులో ఇది గోలగా ఉంటుంది. ఉండనివ్వండి. మిమ్మల్ని పరిశీలించడానికి వచ్చినవారు క్లాసు నిశ్శబ్దంగా లేదే అంటే, ఏం జరుగుతోందో వాళ్లకు చెప్పండి. ప్రణాళికలో ముందే 'జంటల్లో చర్చ, 3 నిమిషాలు' అని రాసిపెట్టుకోండి.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. చర్చకు ముందు చార్ట్‌ను ప్రొజెక్టర్ మీద చూపించకండి. ఎక్కువ మంది ఏది నొక్కారో చూస్తే పిల్లలు అటే ఒరిగిపోతారు. ఆలోచన ఆగిపోతుంది. చాలా టూల్స్‌లో ఫలితాలు దాచే వీలుంది, ఆ సెట్టింగ్ ఎక్కడుందో ఇంటి దగ్గరే వెతికి పెట్టుకోండి. లేకపోతే ప్రొజెక్టర్ ఆపేయండి, అది ఇంకా తేలిక.

'మేడమ్, మేం వెళ్లే బడిలో పిల్లల దగ్గర ట్యాబ్‌లు లేవు, నెట్ సరిగ్గా రాదు, మరి మా సంగతి?' అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. అడగకపోయినా నేనే చెప్పేదాన్ని. 2008లో నథానియెల్ లాస్రీ అనే ఆయన ఒక పోలిక చేశారు. మజూర్ పద్ధతిలోనే, ఒక తరగతిలో ఎలక్ట్రానిక్ క్లిక్కర్లతో, అంటే మీట నొక్కి జవాబు పంపే చిన్న పరికరాలతో జవాబులు, ఇంకో తరగతిలో అట్టముక్కల మీద ఎ, బి, సి, డి రాసి పైకెత్తడం. విషయం అర్థమవడంలో రెండు తరగతులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి అట్టముక్కలతో చేసినా పద్ధతి పద్ధతే. దిగులు పడొద్దు.

మీ ఒక్కరి దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉంటే ప్లిక్కర్స్ అనేది చూడండి. ప్రతి పిల్లకూ ఒక కాగితం కార్డు. దాని మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ, ప్రతి కార్డుకూ ఒక నంబరు. కార్డును ఏ అంచు పైకి ఉండేలా పట్టుకుంటే ఆ అంచు మీది అక్షరం వాళ్ల జవాబు. మీరు ఫోన్ కెమెరాను క్లాసు మీదుగా నెమ్మదిగా తిప్పితే ఎవరు ఏం చెప్పారో నమోదవుతుంది. అక్షరాలు చిన్నవి కాబట్టి పక్కవాళ్లు చూసి రాసే అవకాశం తక్కువ. పిల్లలు కార్డు పట్టుకునేటప్పుడు వేళ్లు బొమ్మ మీద పడకుండా చూడండి, పడితే కెమెరా చదవలేదు. ఇలాంటి చిన్న సంగతుల వల్లే పాఠం ఆగిపోతుంది, అందుకే చెప్తున్నాను.

సైన్సు వాళ్లు నన్ను అడుగుతారు, ఇదంతా ప్రశ్నలు జవాబులే కదా, మరి సిమ్యులేషన్ల, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాల మాటేమిటి అని. ఫెట్ గురించి మీ అందరికీ తెలుసు. కార్ల్ వీమన్ 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకుని, 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో దీన్ని మొదలుపెట్టారు. ఉచితం. కొన్ని సిమ్యులేషన్లు తెలుగులోనూ ఉన్నాయి. చాలావాటిని డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. విద్యుత్ వలయాలు తయారు చేసే సిమ్యులేషన్ ఒకటుంది. ఛాత్రోపాధ్యాయులు దాన్ని ఎలా వాడతారంటే, తెర మీద పెడతారు, బ్యాటరీ, వైర్లు, బల్బు కలుపుతారు, బల్బు వెలుగుతుంది, ఎలక్ట్రాన్లు నీలి చుక్కల్లా కదులుతుంటాయి, పిల్లలు 'అబ్బ!' అంటారు. పాఠం అయిపోయింది. ఆ 'అబ్బ' వెనక ఏముంది?

అదే సిమ్యులేషన్‌ను ఇలా పెట్టండి. ఒక బ్యాటరీ, ఒకేలాంటి రెండు బల్బులు వరసగా, అంటే శ్రేణిలో. స్విచ్ వేయకండి. ముందు అడగండి: ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? మొదటిదా, రెండోదా, రెండూ సమానమా? జవాబుతో పాటు కారణం కూడా ఒక వాక్యం రాయమనండి. కచ్చితంగా కొందరు 'మొదటిదే, ఎందుకంటే అది కొంత కరెంటు వాడేసుకుంటుంది, రెండోదానికి మిగిలింది తక్కువ' అని రాస్తారు. చక్కగా ఆలోచించి రాసిన తప్పు. ఇప్పుడు స్విచ్ వేయండి. రెండు బల్బులూ సమానంగా వెలుగుతాయి. గదిలో ఒక్క క్షణం గందరగోళం. ఇప్పుడు అమ్మీటరు తెచ్చి మొదటి బల్బుకు ముందు పెట్టండి, రీడింగ్ రాయించండి. రెండు బల్బుల మధ్య పెట్టండి, రాయించండి. రెండో బల్బు తర్వాత పెట్టండి, రాయించండి. మూడు చోట్లా ఒకటే అంకె. కరెంటు ఖర్చు కాలేదు! మరి బ్యాటరీ ఎందుకు అయిపోతుంది? ఈ ప్రశ్న పిల్లలే అడుగుతారు. అడిగారంటే మీ పాఠం శక్తి దగ్గరికి దానంతట అదే వచ్చేసినట్టే. ముందు ఊహించి, తర్వాత చూసి, ఆపైన వివరించడం. నీలి చుక్కలు అప్పుడు కూడా కదులుతూనే ఉంటాయి. కాకపోతే ఇప్పుడు పిల్లలు వాటిని ఒక ప్రశ్నతో చూస్తున్నారు.

భాషలు, సాంఘికశాస్త్రం చెప్పేవాళ్లు ఊరుకున్నారు, ఇదంతా మాకు కాదని అనుకుంటున్నట్టున్నారు. మీకే వస్తున్నాను. కలిసి రాసే టూల్స్ మీకు చాలా ఉపయోగం. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని పెట్టారు, ఎవరైనా దిద్దగలిగే పేజీ. 2001లో వికీపీడియా వచ్చింది, 2003లో తెలుగు వికీపీడియా మొదలైంది. వికీపీడియా చూడొద్దు అని పిల్లలకు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఎలా చూడాలో చెప్పండి. ఒక వ్యాసం తెరిచి పైన ఉన్న చరిత్ర ట్యాబ్ నొక్కించండి. ఎవరు ఎప్పుడు ఏ వాక్యం మార్చారో వరసగా ఉంటుంది. రెండు తేదీల మధ్య తేడా చూపించండి. చర్చ పేజీ తెరిపించండి, అక్కడ మనుషులు ఒక్కో వాక్యం గురించి ఎలా వాదించుకున్నారో చదివించండి. ఒక సమాచారం ఎలా తయారవుతుందో ఇంత తేటగా పాఠ్యపుస్తకం చూపించలేదు.

మీ క్లాసులో పిల్లలతో గూగుల్ డాక్ మీద కలిసి రాయించినా అంతే. పిల్లలందరికీ ఖాళీ పేజీ ఒకటి ఇచ్చి రాయమనకండి. ఒకరి వాక్యం మీద ఒకరు టైప్ చేస్తారు, ఎవరో అంతా చెరిపేస్తారు, పీరియడంతా పంచాయితీ తీర్చడంతో సరిపోతుంది. ముందే ఒక పట్టిక గీయండి, గుంపుకు ఒక వరుస. మొదటి గడిలో వాళ్ల వాదన, రెండో గడిలో ఆధారం, మూడో గడి పక్క గుంపు అడిగే ప్రశ్నకు. వాళ్లు రాస్తున్నప్పుడు మీరు చదువుతూ ఉండండి. దిద్దకండి, చదవండి. ఏ గుంపు ఆధారం రాయలేక ఆగిపోయిందో కనిపిస్తుంది. లేచి ఆ గుంపు దగ్గరికి వెళ్లండి. వెర్షన్ హిస్టరీలో ఎవరు ఎంత రాశారో కూడా ఉంటుంది. దాన్ని తిట్టడానికి వాడకండి, ఎవరు వెనకబడ్డారో తెలుసుకోవడానికి వాడండి.

నెట్‌లో చదివింది నిజమో కాదో తేల్చుకోవడం కూడా నేర్పాలి. స్టాన్‌ఫర్డ్‌లో సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ కలిసి చేసిన పరిశీలన 2017లో వచ్చింది. పది మంది చరిత్రకారులు, పది మంది ఫ్యాక్ట్ చెకర్లు, అంటే నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్నవాళ్లు, ఇరవై ఐదు మంది విద్యార్థులు. అందరికీ కొన్ని వెబ్‌సైట్లు ఇచ్చి, నమ్మొచ్చా అని అడిగారు. చరిత్రకారులు, విద్యార్థులు చాలావరకు ఆ పేజీలోనే ఉండి, కిందికీ పైకీ చదివి, లోగో బాగుందా, డొమైన్ పేరేమిటి అని చూశారు, చాలాసార్లు మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు? పేజీ తెరిచిన కాసేపటికే దాన్ని వదిలేశారు. పక్కన కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికారు. తక్కువసేపట్లో సరైన నిర్ణయానికి వచ్చారు. మన పిల్లలకు మనం ఏం చెప్తాం? 'శ్రద్ధగా చదువు' అంటాం. నెట్‌లో మాత్రం ముందు పక్క ట్యాబ్ తెరవాలి, ఆ తర్వాతే శ్రద్ధగా చదవాలి. ప్రొజెక్టర్ మీద మీరే చేసి చూపించండి, ఏం వెతుకుతున్నారో పైకి చెప్తూ చేయండి.

ఇక కొన్ని చిన్న విషయాలు, గబగబా చెప్పేస్తాను.

పోటీ క్విజ్‌లు. కహూత్‌లో మామూలుగా ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు. నెమ్మదిగా ఆలోచించే పిల్లకు మొదటి రెండు ప్రశ్నల్లోనే తన పేరు ఎక్కడో కింద ఉందని తెలిసిపోతుంది, ఇక ఊరికే నొక్కేస్తుంది. నాకు ఆ పిల్లే ముఖ్యం. సమయం పెంచండి, పాయింట్లు తీసేసే వీలుంది, తీసేయండి. ఇంకో మాట, క్విజ్ పరీక్ష కోసమే అనుకోకండి. రోడిగర్, కార్పికే 2006లో చూపించారు: ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు 5 నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది, కానీ వారం తర్వాత చూస్తే, ఒకసారి చదివి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. కాబట్టి పోయిన వారం పాఠం మీద ఈ రోజు రెండు ప్రశ్నలు వేయండి, మార్కులు లేకుండా.

పిల్లల వివరాలు. దీని మీద నేను గట్టిగా మాట్లాడతాను. ఏ టూల్‌లోనైనా పిల్లల పూర్తి పేరు, ఫోన్ నంబరు, ఫొటో ఇవ్వొద్దు. రోల్ నంబరు చాలు. చాలా సర్వీసుల్లో 13 ఏళ్లలోపు పిల్లలు సొంతంగా అకౌంట్ తెరవకూడదన్న నియమం ఉంటుంది, చదివి చూసుకోండి. అకౌంట్ లేకుండా కోడ్‌తో చేరే టూల్ ఉంటే అదే ఎంచుకోండి. బడి అనుమతి లేకుండా ఏదీ మొదలుపెట్టొద్దు. పిల్లల జవాబుల చార్ట్ బాగుందని ఎవరి పేరైనా కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పది మందికి పంపొద్దు. తప్పు జవాబు చెప్పడం పిల్లల హక్కు. అది క్లాసు గది దాటకూడదు.

నెట్ పోతుంది. పోతుందనే అనుకుని వెళ్లండి. ప్రశ్న కాగితం మీద కూడా ఉండాలి, అట్టముక్కలు సంచిలో ఉండాలి. నెట్ కోసం ఐదు నిమిషాలకు మించి ఆగకండి, టెన్షన్ పడుతూ రౌటర్ చుట్టూ తిరగకండి. చర్చ మొదలుపెట్టేయండి.

ఒక పాఠానికి ఒక టూల్ చాలు. బోధనాభ్యాసం మొత్తానికి రెండు నేర్చుకుంటే ఎక్కువే. టూల్‌ను టీచరు అకౌంట్‌లో చూసి సరిపెట్టుకోకండి, విద్యార్థిగా ఇంకో ఫోన్‌లో చేరి చూడండి. పిల్లలకు ఏం కనబడుతుందో అప్పుడే తెలుస్తుంది. మనకు సూక్ష్మబోధన ఉన్నది అందుకే. 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైనప్పుడు కూడా ఉద్దేశం ఇదే, ఒక్క నైపుణ్యాన్ని తీసుకుని, కొద్దిమంది ముందు, కొద్ది నిమిషాలు చేసి, చూసుకుని, మళ్లీ చేయడం. ఈసారి మీ నైపుణ్యం 'జవాబులు చూసి తర్వాత ఏం చేయాలో నిర్ణయించడం'. ప్రశ్న వేయడం, లింక్ పంపడం నాకు చూపించక్కర్లేదు, అవి మీకు వచ్చు.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. మీ ప్రణాళికలో ఒక పాఠం తీసుకుని, ఒక్క ప్రశ్న రాయండి. నాలుగు ఆప్షన్లు, ప్రతి ఆప్షన్ పక్కనా అది ఎంచుకునే పిల్లల ఆలోచన. కింద మూడు వరుసలు: ఎక్కువ మందికి వస్తే ఏం చేస్తాను, సగం మందికి వస్తే ఏం చేస్తాను, ఎవరికీ రాకపోతే ఏం చేస్తాను. మధ్యాహ్నం కంప్యూటర్ ల్యాబ్‌లో కలుద్దాం. పక్క గుంపువాళ్లు పిల్లలై కూర్చుంటారు, మీ ప్రశ్నకు జవాబులు ఇస్తారు. వాళ్లు కావాలని తప్పులు చెప్తారు, తయారుగా రండి. లెక్కలవాళ్లు మొదటి రెండు వరుసల్లో కూర్చోండి, మీతోనే మొదలుపెడదాం.